పోలీసుల తర్వాత వచ్చే ఆంటీ

"వాడు నీ మీదికే చెయ్యెత్తితే ఏం చేస్తావు?"

కొత్త ఉద్యోగం గురించి ఆనందమ్మ చెప్పగానే ఆమె భర్త యెహెజ్కేలు అడిగిన మొదటి మాట ఇది. ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బయటికొచ్చేసి పోలీసులకి ఫోన్ చెయ్యమన్నారు," అంది ఆనందమ్మ.

"ఎటూ పోలీసులే రావాలంటే, ఆ వెళ్ళేదేదో మొదట్నుంచీ వాళ్ళే వెళ్ళొచ్చుగా?"

"వాళ్ళు వెళ్తే ఆడవాళ్ళు నోరిప్పట్లేదంటండీ. అందుకే మమ్మల్ని పెడుతున్నారు."

యెహెజ్కేలు రెండో బూటు కూడా విప్పి లోపలికొచ్చాడు. ఆమె ఒకసారి నిర్ణయించుకున్నాక వాదించడం ఆయనకి అలవాటు లేదు.

ఆనందమ్మకి అప్పటికి యాభై దాటాయి. బాపట్లలో మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి, పిల్లలు చిన్నగా ఉండగానే న్యూజిలాండ్ వచ్చింది. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే రాయాల్సిన ఇంగ్లీషు పరీక్ష ఎంత ప్రయత్నించినా దాటలేకపోయింది. పాపటోయిటోయిలో ఒక రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ఏళ్ళ తరబడి అదే పని. కూతురు బెట్సీ ఇక్కడే నర్సింగ్ చదివి హామిల్టన్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాక, వచ్చినప్పుడల్లా ఒకటే పోరు పెట్టేది. "ఇంక ఆ లిఫ్టింగ్ మానెయ్ మమ్మీ, యువర్ బ్యాక్ విల్ గో."

నడుము నొప్పి నిజమే. కానీ ఆమె ఆ పని మానడానికి కారణం నడుము కాదు, పక్కింటి ఆవిడ.

వాళ్ళుండే మనురేవా పేటలో పక్కింట్లో ఒక ఫిజీ ఇండియన్ కుటుంబం ఉండేది. ఒక ఆదివారం ఆనందమ్మ, యెహెజ్కేలు చర్చి నుంచి తిరిగొచ్చేసరికి ఆ ఇంటి ముందు రెండు పోలీసు కార్లు ఆగి ఉన్నాయి. వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది. నీలం చొక్కాల మీద బరువైన జాకెట్లు తొడుక్కున్న పోలీసులు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. పక్కింటావిడ వరండాలో నిలబడి, పెదవి పగిలి రక్తం కారుతున్నా, ఏం జరగలేదు, ఏం జరగలేదు అంటోంది. కాసేపటికి పోలీసులు వెళ్ళిపోయారు. ఆనందమ్మ చర్చి చీర మార్చుకోకుండానే కంచె పక్కనుంచి వెళ్ళి, ఆవిడని లోపలికి తీసుకెళ్ళి, మొహం కడిగి, టీ పెట్టి ఇచ్చింది. ఏమీ అడగలేదు. టీ సగం అయ్యేసరికి ఆవిడ మొత్తం చెప్పేసింది. ఆనందమ్మకి హిందీ అంతంతమాత్రం. అయినా అన్నీ అర్థమయ్యాయి.

మర్నాడు వాకబు కోసం వచ్చిన ఒక పోలీసమ్మాయి ఈ సంగతి విని ఆనందమ్మ ఫోన్ నంబరు తీసుకుంది. "త్వరలో మా పద్ధతి మారబోతోంది, మీలాంటివాళ్ళ అవసరం ఉంటుంది," అని చెప్పి వెళ్ళింది.

ఆ మార్పు తర్వాతి ఏడాది వచ్చింది. అంతవరకూ ఇళ్ళల్లో కొట్లాటల మీద ఫోన్ వస్తే పోలీసులే వెళ్ళేవాళ్ళు. తర్వాత పరామర్శకు తిరిగేదీ, మగవాణ్ణి దారిలో పెట్టే ప్రయత్నం చేసేదీ పోలీసుల్లోనే ఒక విభాగం. కొత్త ఏర్పాటులో, ఫోన్ వచ్చిన పూట మాత్రమే పోలీసులు వెళ్తారు. మర్నాటి నుంచి ఆ ఇంటి బాధ్యత మొత్తం ఊళ్ళో ఉన్న ఒక ట్రస్టుది. పోలీసు విభాగానికిచ్చే డబ్బు కూడా ట్రస్టుకే మళ్ళించారు. ఏ జాతి వాళ్ళింటికి ఆ జాతి మనిషే వెళ్ళాలనీ, యూనిఫారం లేకుండా, చెప్పులు గుమ్మంలో విప్పి లోపలికి వెళ్ళి కూర్చోవాలనీ ఆలోచన. తెలుగు ఇళ్ళకి ఆనందమ్మని తీసుకున్నారు.

ట్రస్టు నడిపేది మెరే అనే మావోరీ ఆవిడ, ఈ దేశపు మూలవాసి. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆనందమ్మ చేరిన రోజున పక్కన కూర్చోబెట్టుకుని తన కథ చెప్పింది. చిన్నప్పుడు తన తండ్రిని పోలీసులు ఇంట్లోంచి ఈడ్చుకెళ్ళడం కళ్ళారా చూసిందట. జైలు నుంచి ఆయన ఇంకా ఘోరంగా తయారై తిరిగొచ్చాడట. "ఆ రోజు పోలీసులకి బదులు మా మేనత్తలు వచ్చి మా నాన్న పక్కన కూర్చుని ఉంటే మా అమ్మ ఇవాళ బతికుండేది. నేను అది నమ్ముతాను," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి ఆనందమ్మ కూడా నమ్మింది.

నమ్మినందుకు మొదట్లో ఫలితం కూడా కనిపించింది. పాపటోయిటోయిలో ఒక బస్సు డ్రైవరు తాగి భార్యని కొట్టేవాడు. ఆనందమ్మ వారం వారం వెళ్ళి అతని ఎదురుగా కూర్చునేది. మొదట్లో మొహం తిప్పుకునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తనే బట్టలు సర్దుకుని తమ్ముడి ఇంటికి మారాడు. మందు మానాడు. భార్య నిశ్చింతగా నిద్రపోతున్నానని చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి ఆనందమ్మ కూనిరాగం తీస్తూ చేపల పులుసు వండింది. యెహెజ్కేలు రెండోసారి వడ్డించుకుని, "నువ్వు చెప్పిందే నిజంలాగుందే," అన్నాడు.

రుచిత ఇల్లు ఆ తర్వాత వచ్చింది.

టకానినిలో కొత్తగా వేసిన కాలనీ. ఒకే రంగు ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని బారుగా ఉంటాయి. రుచిత, శ్రవణ్ అలాంటి ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళు. ఇద్దరిదీ కరీంనగర్ వైపు. శ్రవణ్‌కి సిటీలో ఐటీ ఉద్యోగం. రుచిత అతని వీసా మీద వచ్చింది. మనురేవాలో ఒక బట్టల షాపులో కొన్నాళ్ళు పనిచేసి మానేసింది. ఒక సాయంత్రం గోడకవతల కేకలు, ఏదో విరిగిన చప్పుడు విని పక్కింటి తెల్లావిడ పోలీసులకి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చారు. మెట్ల మీంచి జారిపడ్డానని రుచిత చెప్పింది. మర్నాడు ఆ ఇల్లు ఆనందమ్మ చేతికొచ్చింది.

తలుపు తీసింది శ్రవణ్. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు ఉంటాయి. నవ్వు మొహం.

"రండి ఆంటీ, లోపలికి రండి. బయట మస్తు చలి ఉంది."

టీ తనే పెట్టాడు. ట్రే తెచ్చి పెట్టి, ఎదురుగా కూర్చుని, అడక్కముందే మొదలుపెట్టాడు. "తప్పు నాదే ఆంటీ. ప్రాజెక్ట్ టెన్షన్ల ఉండి గట్టిగ అరిచిన. పక్కింటామె భయపడి ఫోన్ జేసింది. ఆమెది తప్పని నేనంటలేను. మీరు రావడం మాకు మంచిదే."

ఆనందమ్మది ఏ ఊరో అడిగాడు. బాపట్ల అంటే, తన ఆఫీసులో ఒక బాపట్ల ఆయన ఉన్నాడని, చాలా మంచివాడని చెప్పాడు. తనకీ ఇక్కడ పెద్దవాళ్ళంటూ ఎవరూ లేరని, మీరు అప్పుడప్పుడూ వస్తూ ఉండాలని అన్నాడు. ఆనందమ్మకి అతను నచ్చాడు. ఆ సంగతి తర్వాత ఆమె చాలాసార్లు తలుచుకుంది.

రుచిత సోఫా చివర కూర్చుని ఉంది. సన్నటి పిల్ల. ఇంట్లో ఉన్నా మెడ చుట్టూ స్కార్ఫ్ కట్టుకుంది. అడిగినదానికి ముందు శ్రవణ్ వైపు చూసి, తర్వాత జవాబు చెప్పేది.

"అమ్మాయితో కాసేపు విడిగా మాట్లాడతాను బాబూ. అది మా పద్ధతి," అంది ఆనందమ్మ.

"తప్పకుండ మాట్లాడండి. నేను షాపుకు పోయి కొత్తిమీర తెస్త," అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే ఆనందమ్మ దగ్గరికి జరిగింది. "ఎలా ఉన్నావమ్మా? నిజం చెప్పు, నాతోనే ఉంటుంది."

"మంచిగనే ఉన్నాంటీ," అంది రుచిత, అవసరానికి మించి గట్టిగా. అని, కళ్ళు పైకెత్తి టీవీ పక్కన షెల్ఫ్ వైపు చూసింది. అక్కడ పూలకుండీ వెనక చిన్న కెమెరా ఉంది. దాని మీద చిన్న దీపం వెలుగుతోంది.

ఆనందమ్మకి అర్థమైంది. "కూర్చుని కూర్చుని నా నడుం పట్టేసిందమ్మా. ఎండ వచ్చినట్టుంది, అలా నడిచొద్దాం పద," అంది.

కాలనీ చివర వాననీళ్ళు నిలవడానికి తవ్విన చెరువు ఒకటి ఉంది. చుట్టూ నడిచే దారి. నీలం రంగు పుకేకో పక్షులు గడ్డిలో గింజలు ఏరుకుంటున్నాయి. సగం దూరం వెళ్ళాక రుచిత వెనక్కి తిరిగి ఇళ్ళవైపు చూసింది. తర్వాత నేల చూస్తూ అడిగింది.

"మీరు ఇండియాల నర్సు గదా ఆంటీ? ఒకటి అడగాల్నా?"

"అడుగమ్మా."

"గొంతు గట్టిగ పట్టుకుంటే, మింగినప్పుడు ఎన్ని రోజులు నొస్తది?"

ఆనందమ్మ నడక ఆగిపోయింది. ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో ఆమె అలాంటి గొంతులు చూసింది. అలా వచ్చి కుట్లు కూడా అక్కర్లేక ఇంటికి వెళ్ళి, మళ్ళీ స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళని చూసింది.

"చూపించు," అంది. రుచిత స్కార్ఫ్ కొంచెం జరిపి, వెంటనే కప్పుకుంది. ఆ కొంచెం చాలు.

"ఈ దేశంలో గొంతు పట్టుకోవడమే ఒక పెద్ద నేరం తల్లీ. అతన్ని లోపలేస్తారు. నీకు వేరే ఇల్లు చూస్తారు. మీలాంటివాళ్ళకని వేరే వీసా ఉంది."

"ఆ వీసా వస్తదో రాదో ఎవరికెరుక? మా డాడీకి ఈ నడుమనే గుండె ఆపరేషన్ అయింది. ఇది ఇంటె ఆయన బతకడాంటీ. మీకు దండం పెడత, పోలీసులకు చెప్పకుండ్రి. నాకు ఎవరికన్న చెప్పాలనిపించింది, చెప్పిన. అంతే."

చెప్పనని ఆనందమ్మ మాటివ్వలేదు. ప్రాణం మీదికొచ్చే సంగతైతే దాచకూడదని ట్రస్టు నియమం. నియమం లేకపోయినా ఆమె దాచేది కాదు. ఆఫీసుకి వెళ్ళి మెరేకి చెప్పింది. మెరే వెంటనే పోలీసులకి ఫోన్ చేసింది.

ఒక కుర్ర కానిస్టేబుల్ టకానిని వెళ్ళాడు. పద్ధతి ప్రకారం రుచితని విడిగా, వంటింట్లోకి తీసుకెళ్ళి అడిగాడు. వంటింట్లోనూ కెమెరా ఉందని అతనికి తెలియదు. ఏం జరగలేదని చెప్పింది రుచిత. గొంతు చూపిస్తారా అంటే చూపించనంది. అతను తిరిగొచ్చి మెరేకి ఫోన్ చేశాడు. ఆమె నోటి మాట లేకుండా తాము చేయగలిగింది లేదనీ, ఆ ఇల్లు ఎలాగూ ట్రస్టు చూసుకుంటోంది కనుక తమ వైపు నుంచి ముగిస్తున్నామనీ చెప్పాడు. పాత పద్ధతిలోనైతే అలాంటి ఇళ్ళనే పట్టుకుని తిరిగే పోలీసులుండేవాళ్ళు. ఆ విభాగంలోవాళ్ళు ఇప్పుడు వేరే స్టేషన్లలో దొంగతనాల కేసులు చూస్తున్నారు.

తర్వాతి వారం ఆనందమ్మ వెళ్ళినప్పుడు శ్రవణ్ అదే నవ్వుతో తలుపు తీశాడు. టీ అతనే పెట్టాడు. రుచిత గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. ఆనందమ్మ సింక్ దగ్గరికి వెళ్ళి నిలబడితే, నీళ్ళ చప్పుడు చాటున, పెదవులు కదలకుండా అడిగింది.

"ఎందుకు చెప్పిన్రాంటీ?"

ఆనందమ్మ పక్కనున్న గుడ్డ తీసుకుని గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

ట్రస్టు మగవాళ్ళ కోసం ఒక బృందం నడిపేది. బుధవారం సాయంత్రాలు మనురేవాలో ఒక హాల్లో గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కోపం ఎలా వస్తుందో, వచ్చినప్పుడు ఏం చేయాలో మాట్లాడుకుంటారు. శ్రవణ్ తనంతట తానే చేరాడు. ఒక్క వారం మానలేదు. చాలామంది మగవాళ్ళు అక్కడ చేతులు కట్టుకుని నేల చూస్తూ కూర్చుంటారు. శ్రవణ్ మాట్లాడేవాడు. నా కోపానికి నేనే బాధ్యుణ్ణి అనేవాడు. మా నాన్న కూడా ఇలాగే ఉండేవాడు, ఆ గొలుసు నాతో తెగాలి అనేవాడు. బృందం నడిపేవాళ్ళకి అతనంటే ముచ్చట. మెరే ఒకరోజు ఆనందమ్మ భుజం తట్టి, "నీ శ్రవణ్ బంగారం," అంది.

ఆ రోజుల్లోనే ఆనందమ్మకి చెరువు దగ్గర రుచిత మళ్ళీ దొరికింది. శ్రవణ్ ఆఫీసులో ఉండే సమయం చూసుకుని ఆ దారిలో నడవడం ఆనందమ్మ అలవాటు చేసుకుంది. చాలాసార్లు ఎవరూ ఉండేవారు కాదు. ఆ రోజు రుచిత ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది. పలకరిస్తే లేచిపోతుందేమో అనుకుంది ఆనందమ్మ. లేవలేదు.

"కోపమొస్తే టైమవుట్ తీస్కోవాలె అని చెప్తరట గదా ఆంటీ, మీ క్లాసుల?"

"అవునమ్మా. కోపం వచ్చిన మనిషి కాసేపు బయటికెళ్ళి, చల్లబడ్డాక రావాలి."

"కోపమొచ్చినోళ్ళు గదా బయటికి పోవాల్సింది?"

"అవును."

"ఆయన నన్ను పంపుతున్నడు," అంది రుచిత. "గరాజ్‌ల పెట్టి తాళమేస్తడు. నువ్వు నన్ను ట్రిగ్గర్ చేస్తున్నవ్, టైమవుట్ తీస్కో అంటడు. ఇప్పుడు కొడ్తలేడాంటీ. అస్సలు కొడ్తలేడు. సిమెంటు మీద కూసొని ఉంట. ఎప్పుడు తీస్తడో ఆయన ఇష్టం. తీసినంక సారీ చెప్తడు, మీ క్లాసుల చెప్పినట్టే. నేను థాంక్యూ చెప్పాలె."

ఆమె ఏడవడం లేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఆనందమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి మంచులా ఉంది.

"ఇప్పుడే నాతో వచ్చెయ్యి. మా ఇంట్లో ఉందువు గానీ."

"మీ ఇల్లు ఆయనకెరికే. మనోళ్ళందరికీ ఎరికే," అంది రుచిత. లేచి ఇంటివైపు నడిచింది.

ఆనందమ్మ మెరే దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్ళింది. మెరే అంతా రాసుకుంది. తర్వాత తనే టకానిని వెళ్ళి రుచితని అడిగింది. రుచిత నవ్వుతూ, ఆయన చాలా మారాడు, మీకు రుణపడి ఉన్నాను అని చెప్పింది. మెరే తిరిగొచ్చి, "నన్నేం చేయమంటావు ఆనందా?" అంది. "ఆమె నాతో చెప్పింది ఒకటి, నీతో చెప్పింది ఇంకొకటి. నీ మాట మీద అతన్ని బృందంలోంచి తీసేస్తే రేపట్నుంచి ఒక్క మగవాడూ ఆ హాల్లోకి రాడు. పోలీసులకి చెప్పాను. ఆ అడ్రసు నుంచి కొత్తగా ఒక్క ఫోన్ కూడా రాలేదన్నారు. వాళ్ళ లెక్కలో అది మంచి ఇల్లు."

ఫోన్ ఎందుకు రావడం లేదో ఆనందమ్మకి తెలుసు. రుచిత ఫోన్ శ్రవణ్ దగ్గర ఉంటుంది. మరి పక్కింటావిడ? ఒక మధ్యాహ్నం వెళ్ళి ఆ తలుపు తట్టింది. ఆవిడ ట్రస్టు బ్యాడ్జి చూసి సంతోషించింది. గరాజ్ గోడ తనవైపే ఉందనీ, ఒక్కోసారి లోపల్నుంచి మెల్లగా తడుతున్న చప్పుడు వినిపిస్తుందనీ చెప్పింది.

"మరి పోలీసులకి ఫోన్ చేయలేదా?" అంది ఆనందమ్మ.

ఆవిడ మొహం మారిపోయింది. "మీరంతా చూసుకుంటున్నారని పోలీసులు చెప్పారే? వాళ్ళ మనుషులే వచ్చి మాట్లాడుతున్నారని, మా పద్ధతులు వేరు, వాళ్ళ పద్ధతులు వేరని... నేను మధ్యలో దూరడం బాగోదనుకున్నాను."

"ఈసారి వినిపిస్తే చెయ్యండి. దయచేసి చెయ్యండి."

చేస్తానంది ఆవిడ. కానీ తలుపు వేసుకునేటప్పుడు ఆమె కళ్ళల్లో ఉన్నది భయమే తప్ప నిశ్చయం కాదు.

ఆ వారాంతంలో శ్రీనివాసమూర్తి ఫోన్ చేశాడు. తెలుగు సంఘంలో పెద్దమనిషి. ఇది సముదాయం నడిపించే కార్యక్రమం కనుక ట్రస్టు సలహా సంఘంలో ప్రతి జాతి నుంచి ఒక పెద్దని పెట్టారు. మనవాళ్ళ తరఫున ఆయన్ని పెట్టారు. ఒకసారి కాఫీకి రమ్మన్నాడు. ఆనందమ్మ వెళ్ళింది.

"మీ సేవ గురించి అందరూ చెప్పుకుంటున్నారమ్మా," అని మొదలుపెట్టాడాయన. "కానీ చిన్న మాట. శ్రవణ్ మొన్న మా ఇంటికొచ్చి చాలా బాధపడ్డాడు. మీరు ఆ అమ్మాయిని చెరువుగట్టుకి తీసుకెళ్ళి ఏవేవో అడుగుతున్నారట. పక్కింటివాళ్ళని కూడా కదిలించారట. అబ్బాయి క్లాసులకి వస్తున్నాడు, తప్పు ఒప్పుకున్నాడు. మానుతున్న పుండుని మనం కెలక్కూడదు."

"ఆ అమ్మాయిని గరాజ్‌లో పెట్టి తాళం వేస్తున్నాడండీ," అంది ఆనందమ్మ.

శ్రీనివాసమూర్తి కప్పు కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే కలత పడ్డట్టు కనిపించాడు. "మీరు చూశారా?"

"లేదు. అమ్మాయి చెప్పింది."

"ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అని మొన్న నా భార్య అడిగితే అమ్మాయి అలాంటిదేం లేదంది. ఇద్దరు మనుషుల మధ్య సంగతి. మనం పరాయి దేశంలో ఉన్నాం. మనింట్లో గొడవలు పోలీసులదాకా వెళ్ళకుండా మనమే సర్దుకోమని వాళ్ళే మనకి అవకాశం ఇచ్చారు. దాన్ని పాడుచేసుకుందామా?"

సోమవారం మెరే ఆనందమ్మని పిలిచి, టకానిని ఇంటికి ఇక వేరే ఆవిడ వెళ్తుందని చెప్పింది. ఆ కొత్తావిడకి తెలుగు రాదు. చెబుతున్నప్పుడు మెరే ఆనందమ్మ వైపు చూడలేకపోయింది.

ప్రభుత్వం ట్రస్టుతో ఒప్పందం పొడిగించాల్సిన సమయం వచ్చింది. పెద్ద అధికారులని పిలిచి మనురేవాలో ఒక సభ పెట్టారు. ముందు వరసలో అధికారులు, పోలీసు యూనిఫారంలో ఒక పెద్దాయన. కార్యక్రమం వల్ల మారిన మనిషిగా వేదిక ఎక్కింది శ్రవణ్. తెల్ల చొక్కా వేసుకున్నాడు. బాగా మాట్లాడాడు. పోలీసులు మా గుమ్మంలో నిలబడ్డ రోజున సిగ్గుతో చచ్చిపోయానన్నాడు. ఆ సిగ్గుతో మనిషి మారడనీ, ప్రేమతో మారతాడనీ అన్నాడు. చివర్లో చేయి చాపి హాలు వెనక్కి చూపించాడు. "ఆ మూల నిలబడ్డ ఆనందమ్మ ఆంటీ మా ఇంటికి రాకపోయి ఉంటే నేనివాళ ఇక్కడ ఉండేవాణ్ణి కాదు."

అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. ఆనందమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. అరవాలనిపించింది. అరిస్తే ఏం జరుగుతుందో కూడా ఆమెకి తెలుసు. రుచిత లేచి, అబద్ధం అంటుంది. రుచిత ముందు వరసలో ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది.

భోజనాల దగ్గర శ్రవణ్ అధికారుల మధ్య ఇరుక్కున్నాడు. ఆనందమ్మ ప్లేటు పట్టుకుని వరసలో రుచిత వెనక నిలబడింది.

"కారు బయటే ఉంది," అంది, ఆమెకి మాత్రమే వినపడేలా. "ఒక్క మాట అను. ఇప్పుడే తీసుకెళ్తాను. మా బెట్సీ దగ్గరికి, హామిల్టన్. అక్కడ ఎవరికీ తెలీదు."

రుచిత అన్నం వడ్డించుకుంటోంది. గరిటె ఆపలేదు.

"మీరు మంచోళ్ళు ఆంటీ. నాకెరికే," అంది. "కానీ మీరు వచ్చి పోయిన ప్రతీసారి ఇంకింత ఎక్కువైతది. పోలీసులొచ్చినప్పుడన్న ఆయన కొన్ని రోజులు భయపడ్డడు. మిమ్ములను చూస్తె భయం లేదు. మీరు ఏమడుగుతరో, ఏం జేస్తరో అన్నీ నేర్సుకున్నడు. మా ఇంటికి రాకుండ్రి. ఎవ్వరినీ పంపకుండ్రి."

అని, పప్పు గిన్నె దాటి ముందుకెళ్ళింది. శ్రవణ్ దూరం నుంచి చూసి, ఆనందమ్మకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.

ఒప్పందం పొడిగించారు. ఆ నెలలోనే శ్రవణ్‌కి క్రైస్ట్‌చర్చ్‌లో మంచి ఉద్యోగం వచ్చిందని సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ అభినందనలు పెట్టారు. ఆనందమ్మ టకానిని వెళ్ళేసరికి ఇల్లు ఖాళీ. కిటికీకి అద్దెకివ్వబడును అని బోర్డు. గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల శుభ్రంగా ఊడ్చిన సిమెంటు నేల తప్ప ఏమీ లేదు. పక్కింటావిడ తోటలో ఉంది. ఆనందమ్మని చూసి లోపలికి వెళ్ళిపోయింది.

క్రైస్ట్‌చర్చ్‌లో ఇలాంటి పనే చేసే ఇంకో ట్రస్టు ఉంది. ఆనందమ్మ వాళ్ళకి ఫోన్ చేసింది. అక్కడ మాట్లాడిన అమ్మాయి ఓపిగ్గా విన్నది. మీ ట్రస్టు ఆ కుటుంబం విషయం ముగించిందా అని అడిగింది. ముగించిందని చెప్పింది ఆనందమ్మ. బాగుపడ్డ కుటుంబంగా ముగించారా అని అడిగింది. దానికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. అడ్రసు తెలుసా అంటే తెలియదంది.

"అయితే ఎవరో ఒకరు పోలీసులకి ఫోన్ చేసేదాకా మేం వెళ్ళడానికి లేదు," అంది ఆ అమ్మాయి. "ఫోన్ వస్తే మాత్రం తప్పకుండా వెళ్తాం. మా దగ్గర ఇప్పుడు తెలుగు మాట్లాడే ఆవిడ కూడా ఉన్నారు."

ఉద్యోగం మానేస్తానని ఆనందమ్మ చెప్పినప్పుడు మెరే ఆపాలని చూసింది. మిగతా ఇళ్ళ సంగతి గుర్తుచేసింది, బస్సు డ్రైవరు భార్య సంగతి గుర్తుచేసింది. ఆనందమ్మ కాదనలేదు. ఆ ఇల్లు బాగుపడిన మాట నిజమే. కానీ ఇప్పుడు ఏ గుమ్మంలో చెప్పులు విప్పినా, నవ్వుతూ తలుపు తీసిన మగవాణ్ణి నమ్మలేకపోతోంది. ఏడ్చినవాణ్ణి కూడా నమ్మలేకపోతోంది. మనిషి మారతాడని నమ్మకుండా వాళ్ళ సోఫాలో కూర్చుని ఏం మాట్లాడాలి? పోలీసుల పద్ధతే బాగుండేదని చెబుదామా అంటే, తన పక్కింటావిడ పగిలిన పెదవితో వరండాలో నిలబడటం తనే చూసింది. ఇదీ కాదు, అదీ కాదు. మరి ఏది? మెరేని అదే అడిగింది. మెరే రాజీనామా కాగితం తీసుకుని సొరుగులో పెట్టింది.

ఆనందమ్మ మళ్ళీ రెస్ట్‌హోమ్‌లో చేరింది. నడుముకి బెల్టు కట్టుకుని డ్యూటీకి వెళ్తుంది. ఆదివారాలు చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పమన్నప్పుడు ఆమె ఏమీ చెప్పదు. చెబితే మధ్యాహ్నానికల్లా ఆ మాట ఎక్కడెక్కడికి చేరుతుందో ఆమెకి తెలుసు. తల వంచుకుని తనలో తనే అడుగుతుంది. ఆ పిల్లకి ధైర్యమివ్వమనీ కాదు, వాడి మనసు మార్చమనీ కాదు. వాళ్ళు చేరిన ఇల్లు ఎక్కడున్నా, దాని గోడలు పల్చగా ఉండాలని, గోడకవతలి మనుషులు ఎవరో చూసుకుంటున్నారులే అని ఊరుకునేవాళ్ళు కాకూడదని అడుగుతుంది.

యెహెజ్కేలు మొదట్లో కారెక్కిన ప్రతిసారీ అడిగేవాడు, ఆ అమ్మాయి కబురేమైనా తెలిసిందా అని. ఏం తెలియలేదని చెప్పేది. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశాడు. ఆమె కూడా చెప్పడం మానేసింది. ఇప్పటిదాకా అయితే కబురేమీ లేదు.